మన ఊరి డాగ్ క్లబ్ తొలి రోజుల చరిత్ర ఎక్కడ దొరుకుతుంది?

మీ ప్రశ్న ఇదీ: మీ కెన్నెల్ క్లబ్ సావనీర్ వేస్తోంది, తొలి రోజుల చరిత్ర రాసే పని మీ మీద పడింది. మీ దగ్గరున్నవి నల్లబడిపోయిన ఒక రోలింగ్ కప్పు (ఏటా గెలిచినవాళ్ల చేతికి మారే కప్పు), ఎవరు ఎవరో తెలియని రెండు మూడు గ్రూప్ ఫోటోలు, "మన క్లబ్ బ్రిటిష్ వాళ్ల కాలం నాటిది" అని ప్రతి మీటింగులోనూ వినిపించే మాట. క్లబ్ అసలు ఎప్పుడు పుట్టిందో తేల్చడం ఎలా, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి అని అడిగారు.

హైదరాబాద్, సికింద్రాబాద్ షోలలో చాలా ఏళ్లు రింగ్ స్టీవార్డుగా (పోటీ జరిగే రింగులో జడ్జికి సాయం చేసే మనిషిగా), ఆ తర్వాత షో సెక్రటరీగా పనిచేశాను. పాత కేటలాగులు, అంటే షోకి ఎంట్రీ ఇచ్చిన కుక్కల వివరాలు అచ్చేసిన పుస్తకాలు, ఎక్కడ కనబడినా అడిగి తెచ్చుకుని దాచుకుంటాను. కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను. పుట్టిన తేదీ వెంట ముందే పరుగెత్తకండి. మీకు దొరకగలిగినంత పాత షో కేటలాగు ఒకటి సంపాదించండి. అది చేతికొస్తే తేదీ ఎలాగూ తేలుతుంది, దాంతోపాటు మనుషులూ, కుక్కలూ కూడా బయటికి వస్తారు. ఉత్త తేదీ దొరికితే సావనీర్‌లో ఒక్క వాక్యం అవుతుంది, అంతే.

కేటలాగులో ఏముంటుందో చూడండి. ప్రతి కుక్కకీ ఒక నంబరు. దాని కింద పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, తల్లి పేరు, బ్రీడర్ ఎవరు, యజమాని ఎవరు. పాతవాటిలో యజమాని చిరునామా కూడా వేసేవారు. అంటే ఆ కాలంలో ఎవరు కుక్కల్ని పెంచేవారో, ఏ పేటలో ఉండేవారో, పిల్లల్ని ఎవరి దగ్గర కొన్నారో అన్నీ ఆ నాలుగు పంక్తుల్లోనే ఉన్నాయి. మారేడ్‌పల్లి, బొల్లారం, తిరుమలగిరి, లాలాగూడ, హిమాయత్‌నగర్ అని చిరునామాలు వరసగా ఒక కాగితం మీద రాసుకుని మ్యాపు మీద పెట్టి చూడండి. క్లబ్ ఏ ఇళ్లలో పుట్టిందో మీకే కనిపిస్తుంది.

బ్రీడర్ పేరునీ యజమాని పేరునీ పక్కపక్కన పెట్టి చదవడం మాత్రం మరిచిపోకండి. రెండూ ఒకటే అయితే ఆ కుక్క వాళ్లింట్లోనే పుట్టింది. బ్రీడర్ బొంబాయి, మద్రాసు, బెంగళూరు మనిషైతే పిల్ల రైల్లో ఇక్కడికి వచ్చిందన్నమాట. ఒకే బ్రీడర్ పేరు నాలుగైదు కుక్కల కింద, వేర్వేరు యజమానులతో కనబడిందా, ఆ బ్రీడర్ ఇల్లే మన ఊళ్లో ఆ జాతికి మూలస్థానం. కెన్నెల్ పేరు, అంటే తమ పెంపకానికి పెట్టుకున్న పేరు, రిజిస్టర్ చేయించుకున్నవాళ్లయితే ఆ పేరు ప్రతి పిల్ల పేరులోనూ అతుక్కునే ఉంటుంది. దాన్ని పట్టుకుని రెండు మూడు తరాలు వెనక్కి వెళ్లొచ్చు.

ఇంకా విలువైనది పెన్సిల్ రాత. రింగ్ పక్కన కూర్చున్న స్టీవార్డో, ఆసక్తి ఉన్న ప్రేక్షకుడో ఫలితాలు వస్తుంటే మార్జిన్‌లో రాసుకుంటారు: 1, 2, 3, రిజర్వ్, ఛాలెంజ్ సర్టిఫికెట్ (ఛాంపియన్ కావడానికి లెక్కలోకొచ్చే పత్రం). రాని కుక్క మీద ఒక అడ్డగీత. నా దగ్గరున్న ఒక పాత కేటలాగులో వరసగా ఒక పేజీ నిండా అడ్డగీతలే ఉన్నాయి. ఆ పేజీలోని కుక్కలన్నిటివీ ఒకే వైపు చిరునామాలు. ఆ రోజు అటు ఏదో జరిగింది. ఏం జరిగిందో అప్పటి పేపర్లో వెతకాలి. అచ్చయినది చూసి ఎంట్రీలే తెలుసుకోగలం. ఆ రోజు ఎవరొచ్చారో చెప్పేది పెన్సిలే. అందుకే ఎవరైనా కేటలాగు ఇస్తే, మరకలున్నా గీతలున్నా ఆ కాపీయే తీసుకోండి. శుభ్రంగా ఉన్న కాపీ దొరికింది కదా అని దీన్ని వదిలేయకండి.

అట్ట చిరిగిపోయి సంవత్సరం తెలియని కేటలాగులే ఎక్కువ దొరుకుతాయి. టెన్షన్ పడకండి, కాలం చెప్పే ఆనవాళ్లు లోపల చాలానే ఉంటాయి. ప్రకటనల చిరునామాల్లో పిన్‌కోడ్ ఉందా చూడండి. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. ఉంటే ఆ తర్వాతిది. లేనంత మాత్రాన ముందుదని చెప్పలేం, జనం అలవాటుపడటానికి టైం పట్టింది. ఎంట్రీ ఫీజు అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌లో నయాపైసలు రావడానికి ముందుది అయ్యుండాలి. ఇక మన ఊరికే ప్రత్యేకమైన ఆనవాలు ఒకటుంది. ఫీజు పక్కన ఓ.ఎస్. అనో, బి.జి. అనో, ఐ.జి. అనో అక్షరాలు కనబడితే ఆ కాగితాన్ని జాగ్రత్తగా ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. ఓ.ఎస్. అంటే ఉస్మానియా సిక్కా, నిజాం ప్రభుత్వపు రూపాయి. మన పెద్దవాళ్లు హాలీ అనేవాళ్లు. మిగతా రెండూ కల్దార్, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయి. ఏడు హాలీ రూపాయలకు సుమారుగా ఆరు కల్దార్ వచ్చేవి. హాలీ 1950ల దాకా చెలామణీలో ఉంది. ఫీజు ఏ రూపాయిలో అడిగారన్నదాన్ని బట్టి నిర్వాహకులు కంటోన్మెంట్ వైపు వాళ్లా, నగరం వైపు వాళ్లా అన్నది కూడా కొంత ఊహించవచ్చు.

తేదీలే ఫస్లీలో, అంటే నిజాం ప్రభుత్వం వాడిన సంవత్సర లెక్కలో, ఉంటే కంగారు పడొద్దు. హైదరాబాద్ సంస్థానంలో ఫస్లీ సంవత్సరం అక్టోబరులో ఆజుర్ నెలతో మొదలయ్యేది. ఫస్లీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1350 ఫస్లీ అంటే 1940 అక్టోబరు నుంచి 1941 అక్టోబరు దాకా. డాగ్ షోలు మన దగ్గర చలికాలంలోనే పెట్టుకుంటాం కదా, జనవరి, ఫిబ్రవరి షో అయితే 591 కలపాలి. ఈ ఒక్క ఏడాది తేడాతో సావనీర్లలో తప్పులు దొర్లడం చూశాను.

ఇప్పుడు "బ్రిటిష్ వాళ్ల కాలం" మాట. ఇందులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. సికింద్రాబాద్ కంటోన్మెంటు 1806 నుంచి ఉంది. అక్కడ బ్రిటిష్ అధికారులు కుక్కల్ని పెంచారు. సికింద్రాబాద్ క్లబ్ 1878లో, నిజాం క్లబ్ 1884లో వచ్చాయి. గుర్రప్పందేలు మౌలాలీ నుంచి మలక్‌పేటకు 1886లో మారాయి. అలాంటి సమాజంలో, ఏ జింఖానా మైదానంలోనో ఒక ఆదివారం కుక్కల ప్రదర్శన జరిగి ఉంటే ఆశ్చర్యమేమీ లేదు. కానీ ప్రదర్శన జరగడం వేరు, క్లబ్ ఉండటం వేరు. ఇంగ్లాండులోనే చూడండి. న్యూకాజిల్‌లో తొలి డాగ్ షో 1859 జూన్‌లో జరిగింది. పాయింటర్లు, సెట్టర్లు మాత్రమే వచ్చాయి, గెలిచినవాళ్లకు బహుమతి తుపాకులు. కెన్నెల్ క్లబ్ ఏర్పడింది 1873లో. మధ్యలో పద్నాలుగేళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు షోలు పెట్టారు, ఒకే పేరుతో బోలెడు కుక్కలు పోటీ చేశాయి. ఏ కుక్క ఏదో తేలక గందరగోళమైంది. అందుకే ఆ క్లబ్ ముందుగా చేసిన పని 1859 నుంచి జరిగిన షోల వివరాలన్నీ పోగేసి 1874లో స్టడ్ బుక్ (కుక్కల వంశావళి, ఫలితాల పుస్తకం) వేయడం. 1880లో పేర్ల రిజిస్ట్రేషన్ తెచ్చింది. క్లబ్ అనేది ఎందుకు కావాల్సొచ్చిందో దీంట్లో తెలుస్తుంది. రికార్డు కోసం.

మీ క్లబ్‌కీ అదే కొలత పెట్టండి. సభ్యత్వం, నియమావళి, కమిటీ ఉండాలి. జాతీయ సంస్థతో అనుబంధం ఉండాలి. ఏటా కాకపోయినా వరసగా షోలు జరుగుతుండాలి. ఈ మూడూ కలిసిన ఏడాదే క్లబ్ పుట్టిన ఏడాది అని నా అభిప్రాయం. అంతకు ముందు జరిగినవాటిని పూర్వరంగం అని విడిగా రాయండి. వయసు పెంచుకుంటే గొప్ప అనుకుని కంటోన్మెంటు షోని మన ఖాతాలో వేసుకుంటే, నిజంగా క్లబ్ పెట్టడానికి తిరిగినవాళ్ల కష్టం కనబడకుండా పోతుంది. వాళ్లు మనవాళ్లు. స్కూటర్ల మీద తిరిగి చందాలు వసూలు చేసినవాళ్లు.

కాగితం రుజువు ఎక్కడంటే, సొసైటీల రిజిస్ట్రార్ ఆఫీసులో. తెలంగాణ ప్రాంతంలో సంఘాలు 1350 ఫస్లీ నాటి పబ్లిక్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరయ్యేవి. 2001లో కొత్త చట్టం వచ్చేదాకా అదే నడిచింది. మీ క్లబ్ రిజిస్ట్రేషన్ నంబరు పాత లెటర్‌హెడ్ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే అవకాశం ఉంది. నంబరుతో వెళ్లి సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టుకోండి. మెమొరాండంలో తొలి కమిటీ పేర్లు, వృత్తులు, చిరునామాలు, సంతకాలు ఉంటాయి. వృత్తుల కాలమ్ శ్రద్ధగా చదవండి, అసలు కథ అక్కడుంది. డాక్టరు, రైల్వే ఉద్యోగి, రిటైర్డ్ మేజర్, వ్యాపారి పక్కపక్కన సంతకాలు పెట్టి ఉంటే, ఆ నలుగురూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడానికి కారణం కుక్క తప్ప ఇంకోటి కాదు. అనుబంధం సంగతి చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియాకి ఉత్తరం రాసి అడగండి. ఏ ఏడు ఏ తేదీకి షో అనుమతి ఇచ్చారన్నది వాళ్ల పాత గెజిట్లలో దొరకొచ్చు.

పేపర్ల కోసం అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లండి. అది 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. డెక్కన్ క్రానికల్ 1938 నుంచి ఉంది. ఉర్దూ చదవగలిగిన మిత్రుణ్ణి వెంట తీసుకెళ్తే సగం పని సులువవుతుంది. సంవత్సరమంతా తిరగేయక్కర్లేదు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆది, సోమవారాల పేపర్లు చూస్తే చాలు. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో సంస్థాన కాలపు ఫైళ్లున్నాయి. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: హైదరాబాద్, సికింద్రాబాద్ మున్సిపల్ కార్పొరేషన్లు 1960లో కలిశాయి. అంతకుముందు వేర్వేరు. కంటోన్మెంట్ బోర్డు ఇప్పటికీ వేరే. మైదానం అనుమతి లాంటి కాగితాలు ఏ ఆఫీసువో అన్నది షో జరిగిన చోటుని బట్టి మారుతుంది.

1948 తర్వాత ఏం మారిందన్నది మీ వ్యాసానికి గుండెకాయ కావాలని నా కోరిక. సంస్థానం ఆ సెప్టెంబరులో భారత్‌లో విలీనమైంది. 1949లో జాగీర్దారీ రద్దయింది. దేవిడీల్లో (నవాబుల, జాగీర్దార్ల పెద్ద భవనాల్లో) వేటకుక్కల్ని, వాటికోసం మనుషుల్ని పెట్టి పోషించిన కుటుంబాల ఆదాయం తగ్గిపోయింది. బ్రిటిష్ అధికారులు వెళ్లిపోయారు. 1956లో రాష్ట్రం ఏర్పడ్డాక ఉద్యోగులు, డాక్టర్లు, కాంట్రాక్టర్లు కోస్తా నుంచీ సీమ నుంచీ వచ్చి స్థిరపడ్డారు. కుక్క దేవిడీలోంచి, బంగళాలోంచి క్వార్టర్స్‌లోకి వచ్చింది. లాలాగూడ, మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, సికింద్రాబాద్ పార్సీలు ఈ రెండు కాలాలకూ మధ్య వారధిగా ఉన్నారు. పార్సీలకైతే కుక్క మతాచారంలోనే ఉంది, అంత్యక్రియల్లో చనిపోయినవారిని కుక్కకు చూపించే సంప్రదాయం వాళ్లది. ఆ ఇళ్లలో అడగకుండా ఈ చరిత్ర రాయొద్దు.

పెద్దవాళ్లను అడిగే పద్ధతి గురించి. "క్లబ్ ఎప్పుడు పెట్టారండీ?" అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. తలో ఏడాది చెబుతారు, మీకు తలనొప్పి. "అప్పుడు మీ ఇంట్లో ఏ కుక్క ఉండేది?" అని అడగండి. ముఖం వెలిగిపోతుంది. కుక్కల్ని పెంచినవాళ్లకు కాలం సంవత్సరాల్లో గుర్తుండదు, కుక్కల్లో గుర్తుంటుంది. "మా సీజర్‌ని మొదటి షోకి తీసుకెళ్లాం, అప్పటికి దానికి ఏడాది కూడా నిండలేదు" అంటారు. సీజర్ పెడిగ్రీ కాగితం (వంశావళి పత్రం) ఏ బీరువాలోనో, పెళ్లి ఫోటోల ఆల్బమ్ వెనకాలో దొరుకుతుంది. అందులో పుట్టిన తేదీ ఉంటుంది. ఇంకేం, ఆ షో ఏ చలికాలంలో జరిగిందో తేలిపోయింది. జ్ఞాపకాన్ని నమ్మొద్దనడం నాకు నచ్చదు. దాన్ని కట్టేయడానికి ఒక గుంజ కావాలి, అంతే.

రోగాల గురించి కూడా అడగండి. "ఆ ఏడు పిల్లలన్నీ రక్తవిరేచనాలతో పోయాయి" అని ఎవరైనా అంటే అది పార్వో వైరస్ అయ్యుండొచ్చు. ప్రపంచంలోనే 1978లో బయటపడ్డ జబ్బు అది, మన దేశంలో 1980ల మొదట్లో విజృంభించింది. టీకా ఇంకా చేతికి రాని రోజుల్లో కష్టపడి నిలబెట్టుకున్న వంశాలు ఒక్క వారంలో తుడిచిపెట్టుకుపోయాయి. షోలు ఆగిన ఏడాది, ఎంట్రీలు ఉన్నట్టుండి తగ్గిన ఏడాది కనబడితే కారణం ఇక్కడ వెతకండి. నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో రేబిస్ రాకుండా బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు వేయించుకున్న కాలం కూడా అదే. కుక్క కరిస్తే పద్నాలుగు ఇంజెక్షన్లన్న భయం ప్రతి ఇంట్లో ఉన్న రోజుల్లో, వీధిలో కుక్కల్ని నడిపించుకుంటూ షోకి రమ్మని జనాన్ని పిలవడం చిన్న విషయం కాదు. టీకా వేయించండి అని ఇంటింటికీ చెప్పిన పశువైద్యుల పేర్లు సంపాదించండి. నారాయణగూడ పశువుల ఆసుపత్రి, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ పాతవాళ్లను కదిలిస్తే దొరుకుతాయి.

గ్రూప్ ఫోటోల సంగతికొస్తే, కుర్చీల్లో కూర్చున్నవాళ్ల పేర్లు ఎలాగోలా తెలుస్తాయి. నాకు కావాల్సింది చివర్లో లీష్ పట్టుకుని నిలబడ్డ మనిషి. తెల్లవారుజామున లేచి కుక్కకు నడక నేర్పింది, బొచ్చు దువ్వింది, రింగులో నిలబెట్టి పళ్లు చూపించింది అతనే. కప్పు మీద పేరు మాత్రం యజమానిది. రాజా దీన్‌దయాళ్ తీసిన నిజాం కాలపు షికారు ఫోటోల దగ్గర్నుంచీ ఇదే వరస: నవాబుల పేర్లున్నాయి, పక్కన నిలబడ్డవాళ్లవి లేవు. మీ సావనీర్‌లోనైనా హ్యాండ్లర్లకు, కెన్నెల్ చూసుకున్నవాళ్లకు ఒక పేజీ కేటాయించండి. వాళ్ల కొడుకులు, మనవలు కొందరు ఇప్పటికీ ఇదే పనిలో ఉన్నారు. ఏ షో గ్రౌండుకి వెళ్లినా కలుస్తారు.

పాత కేటలాగుల్లో కనిపించని ఇంకొకటి నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. బీదర్, గుల్బర్గా, ఉస్మానాబాద్ జిల్లాలు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్నాయి. కారవాన్ హౌండ్ అనే దక్కను వేటకుక్కకి అది సొంత నేల. సన్నటి మూతి, లోతైన ఛాతీ, కుందేలు వెనక పడితే కంటికి ఆనని పరుగు. మన గుమ్మంలో ఇంత కుక్క ఉండగా, నా దగ్గరున్న పాత కేటలాగుల్లో పేజీల కొద్దీ ఆల్సేషియన్లు, కాకర్ స్పానియల్‌లు, డాక్స్‌హుండ్‌లు, బుల్ టెరియర్లే. పల్లెల్లో దాన్ని సాకినవాళ్లకు పెడిగ్రీ కాగితం లేదు, ఎంట్రీ ఫారం ఇంగ్లీషులో ఉండేది. ఆ తర్వాత గుర్తింపు వచ్చింది. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా దాన్ని కారవాన్ హౌండ్ పేరుతో నమోదు చేస్తుంది. 2005లో తపాలా శాఖ దీని ఇంకో పేరైన ముధోల్ హౌండ్ పేరిట స్టాంపు వేసింది. కొల్లేరు జోనంగి, కర్నూలు వైపు పందికోన కుక్కల కథ ఇంకా వెనకబడే ఉంది. మీ క్లబ్ షోలో మొదటిసారి ఒక దేశవాళీ వేటకుక్క రింగులో నడిచింది ఏ ఏడు, తెచ్చింది ఎవరు అన్నది కనిపెట్టండి. తొలి బెస్ట్ ఇన్ షో (షో మొత్తానికి మొదటి బహుమతి) ఎవరికొచ్చిందన్న దానికంటే నేను దీన్నే పెద్ద అక్షరాల్లో వేస్తాను.

కప్పు విషయం. దాన్ని తోమించకండి. చింతపండు అసలే వద్దు. వెండి పూత పల్చబడితే అక్షరాలు పోతాయి. పక్కనుంచి టార్చి వెలుగు పడేలా పెట్టి ఫోటో తీయండి, అరిగిపోయిన రాత కూడా నీడల్లో తేలుతుంది. పీఠం చుట్టూ ఉన్న చిన్న షీల్డుల మీద సంవత్సరాలు వరసగా రాసుకోండి. ఏ సంవత్సరాలు లేవో అవే మీరు లైబ్రరీలో వెతకాల్సిన చలికాలాలు. ఒక షీల్డు ఊడిపోయి మేకు రంధ్రాలు మాత్రమే ఉన్నా లెక్కలో వేసుకోండి.

పనిలో వరస చెప్పమంటే, ముందు ఎనభై దాటినవాళ్ల ఇళ్లకు వెళ్లండి. ఆఫీసులూ లైబ్రరీలూ వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటాయి. వెళ్లేటప్పుడు గ్రూప్ ఫోటోలను పెద్ద సైజులో ప్రింట్ తీయించి పట్టుకెళ్లండి, వేలు పెట్టి చూపించడానికి వీలుగా. ఫోన్లో చూపిస్తే వాళ్లకు ఆనదు. చెప్పినవి చెప్పినట్టే రికార్డు చేసుకోండి. కేటలాగు ఇస్తే అక్కడే స్కాన్ చేసుకుని అసలు కాపీ వెనక్కిచ్చేయండి, "చూసి ఇస్తాం" అని తీసుకెళ్లినవి తిరిగి రాక చాలామంది విసిగిపోయి ఉన్నారు. సావనీర్ అచ్చుకు వెళ్లేనాటికి ఫోటోల్లో ఇంకా పేరు తెలియనివాళ్లు మిగిలితే వాళ్లను వదిలేయకుండా ఒక పూర్తి పేజీలో నంబర్లు వేసి ముద్రించండి, కింద క్లబ్ ఫోన్ నంబరు ఇవ్వండి. మారేడ్‌పల్లి, తిరుమలగిరి చిరునామాలు కేటలాగులో ఏవేవి కనిపించాయో చెబితే, నా దగ్గరున్న కాపీలతో సరిచూసి ఎవరి ఇంటికి ముందు వెళ్లాలో చెప్పగలను.